ఉత్త అక్షరాలు

“మీ అమ్మ పేరుకి గోల్డ్ వెయ్యి. వెనక కొంచెం షాడో కూడా పెట్టు. పైన రెండు పావురాలు వస్తే నిండుగా ఉంటుంది” అన్నాడు శ్యామ్ సుందర్, నా కుర్చీ వెనక నిలబడి టీ తాగుతూ.

అమ్మని భూస్థాపన చేసి అప్పటికి రెండు రోజులు. ఆదరణ కూడికకి కార్డు వెయ్యాలి. బందరులో మాకు ప్రింటింగ్ షాపు ఉంది కాబట్టి, అందులో తెలుగు కొట్టే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, మా అమ్మ చావు కార్డు నేనే కొట్టాలి. నువ్వు లేచి పక్కకి కూర్చో అని ఎవరూ అనలేదు. నాకూ తోచలేదు. అంట్లు తోమటానికి కూర్చున్నంత మామూలుగా కూర్చుని కొట్టాను. కీ.శే. దేవసహాయం గారి సతీమణి శ్రీమతి కృపమ్మ గారు ప్రభువునందు నిద్రించినందున. కింద ఆహ్వానించువారు. నేనొక్కదాన్నే సంతానం కాబట్టి అక్కడ అల్లుడి పేరు వస్తుంది, దాని పక్కన ఒక గీత, గీత పక్కన నేను. “నా పేరు ఇంకొంచెం లావు చెయ్యి, గుడివాడ నుంచి మావాళ్ళంతా వస్తారు” అన్నాడు. చేశాను.

మొగుడితో మాట్లాడేటప్పుడు నేను అండీ అంటాను. రాసేటప్పుడు అన్నాడు అనే రాస్తాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను సంపాదించుకున్న స్వాతంత్ర్యం ఇంతే, దీన్ని వదులుకోను.

కార్డు పూర్తయ్యాక మొదటినుంచి చదివాను. మా నాన్న ఉన్నాడు. అల్లుడు ఉన్నాడు. ప్రార్థన చేసే పాస్టర్లు ముగ్గురూ డిగ్రీలతో సహా ఉన్నారు. మబ్బులు, మెట్లు, పావురాలు ఉన్నాయి. మా అమ్మ లేదు. నాకొక సైటు ఉంది. అందులో ఆమెకి ఒక పేజీ రాయాలి, ఏ రంగూ లేకుండా ఉత్త అక్షరాల్లో నిజం రాయాలి అని అప్పుడే అనుకున్నాను. ఆ పేజీ దగ్గర నేను ఎట్లా కూలబడ్డానో చెప్పటానికే ఇదంతా. ముందు ఆ సైటు సంగతి చెప్పాలి.

నేను కంప్యూటరు కోర్సు చదవలేదు. ఇంటర్ తప్పాను. పెళ్ళయిన కొత్తలో షాపులో ఆపరేటరు మానేస్తే “రెండు రోజులు చూసుకో” అన్నాడు శ్యామ్ సుందర్. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో కాగితం ముక్కల మీద రాసి కీబోర్డుకి అంటించుకుని నేర్చుకున్నాను. బోర్డు మీద ప్రొప్రయిటర్ ఆయన. “మా ఆవిడకి ఇంట్లో తోచదండీ, వచ్చి ఏదో కొడుతూ ఉంటుంది” అని వచ్చినవాళ్ళకి చెబుతాడు. వాళ్ళు నన్ను చూసి “సార్ లేరామ్మా” అంటారు. సార్ కోనేరు సెంటర్లో నలుగురితో నిలబడి ఉంటాడు. సార్ పని నా నడుములో ఉంటుంది. సాయంత్రానికి లేవలేను.

మా దగ్గరికి పెళ్ళికార్డులు వస్తాయి, ఫ్లెక్సీలు వస్తాయి, చావుకార్డులు వస్తాయి. మగవాడు పోతే అతని ఉద్యోగం, పదవి, సంఘంలో హోదా రాసుకుని తెస్తారు. ఆడమనిషి పోతే మొగుడి పేరు తెస్తారు. ఖాళీ ఎక్కువ మిగిలితే బాగుండదని నేనే అడిగేదాన్ని.

“అమ్మగారు ఏం చేసేవారండీ?”

“ఏం చేసేది, ఇంట్లోనే ఉండేది.”

ఈ మాట కొన్ని వందలసార్లు విన్నాను. కొడుకులు అంటారు, మొగుళ్ళు అంటారు, కూతుళ్ళు కూడా అంటారు. మొదట్లో ఊరుకునేదాన్ని. తర్వాత నాలో ఉన్న పీడ ఊరుకోనివ్వలేదు. “ఇంట్లో ఉండి ఏం చేసేది?” అని మళ్ళీ అడిగేదాన్ని. విసుక్కునేవాళ్ళు. విసుక్కుంటూనే చెప్పేవాళ్ళు. చిలకలపూడి గిల్టు గొలుసులకి ముప్పై ఏళ్ళు కొక్కేలు వేసిందని ఒకామె గురించి. ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తీసీ తీసీ ఆఖరికి తన వేళ్ళతో జడ వేసుకోలేకపోయేదని ఇంకొకామె గురించి. బంటుమిల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు ఆలోచించి, “నా భార్యకి వేడన్నం ఇష్టమండీ, కానీ ఎప్పుడూ ఆఖర్నే తినేది” అని చెప్పి, ప్రూఫు చూడకుండానే వెళ్ళిపోయాడు. కార్డులో ఇవేవీ వెయ్యనివ్వరు. నేను వేరే ఫైలు తెరిచి అందులో కొట్టుకునేదాన్ని. ఆ ఫైలుకి ‘వేస్ట్’ అని పేరు పెట్టాను, ఎవరూ తెరవకుండా. పద్నాలుగేళ్ళలో రెండువందల అరవైమంది ఆడవాళ్ళు అందులో చేరారు.

మూడేళ్ళ కిందట షాపుకి కొత్త కంప్యూటరు వచ్చింది. పాత దానిలోవన్నీ దీనిలోకి ఎక్కించారు. నా ఫైలు తెరిస్తే తెలుగు లేదు. సున్నాలు, కొక్కేలు, ఏ దేశానివో గుర్తులు. మా షాపుల్లో వాడే తెలుగు ఫాంట్ల సంగతి అంతే. ఆ ఫాంటు ఉన్న మెషీనులోనే అది తెలుగు, గడప దాటితే చెత్త. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ పద్నాలుగేళ్ళు అందులోనే కొట్టాను. గడప దాటాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి. ఆ గుర్తులని చూస్తూ కూర్చుంటే శ్యామ్ సుందర్ వచ్చి, “ఏంటి, పాత చెత్తేనా? డిలీట్ కొట్టు, ప్లేసు మిగులుతుంది” అన్నాడు.

కొట్టలేదు. అక్షరాలు మార్చిపెట్టే సైటు ఒకటి వెతికి పట్టుకున్నాను. అది మార్చింది గానీ ఒత్తులన్నీ తప్పులు. అయిదు నెలలు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్కామెనీ బాగుచేశాను. ఈసారి దేశంలో ఏ ఫోనులోనైనా తెరుచుకునేట్టు పెట్టాలనుకుని, డబ్బు కట్టనక్కర్లేని సైటు ఒకటి తీసుకున్నాను. తీసుకున్నదాన్ని తీసుకున్నట్టు ఉండనిచ్చానా? డీటీపీ బుద్ధి ఎక్కడికి పోతుంది. మా పనివాళ్ళకి అక్షరం చెదిరిపోతుందన్న భయం ఎంతంటే, ఏం పంపాలన్నా దాన్ని బొమ్మగా మార్చి పంపుతాం. ఒక్కొక్క ఆమెకీ ఒక కార్డు చేశాను. గులాబీ రంగు వెనక్కి, అంచులకి పువ్వులు, పేరుకి మెరుపు. అన్నీ బొమ్మలుగా ఎక్కించాను. ఎంత అందంగా ఉందో అని మురిసిపోయాను కూడా.

నా భ్రమ ఖుర్షీదా వదలగొట్టింది. ఖుర్షీదా మా వీధి చివర ఉంటుంది. పదకొండో ఏట నుంచి గిల్టు నగలకి రాళ్ళు అతికే పని. కళ్ళు పోయాయి. పూర్తిగా కాదు, ఎదురుగా మనిషి ఉన్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. పెన్షను ఫారం నింపించుకోవటానికి వచ్చి వాళ్ళమ్మ మహబూబీ గురించి నాకు చెప్పింది. వాళ్ళల్లో కార్డులు వేసే అలవాటు లేకపోయినా ఆ నాలుగు లైన్లూ నా ఫైల్లో ఉన్నాయి. ఫోను పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉంటుంది కదా, అది ఆమె ఫోనులో నేనే పెట్టాను. సైటు తెరిచి, “ఇదిగో, మీ అమ్మ పేజీ, విను” అని చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుంది.

“చిత్రం” అంది ఫోను.

వేలు కిందికి జరిపింది.

“చిత్రం. చిత్రం. చిత్రం.”

“మా అమ్మ ఏదక్కా?” అంది ఖుర్షీదా.

గులాబీ రంగు వేశానని చెప్పనా?

అప్పుడు నేర్చుకున్నాను ఉత్త అక్షరాలు పెట్టే పద్ధతి. అందులో ఏమీ ఉండదు. మామూలుగా కొట్టుకుంటూ పోవటమే. శీర్షిక కావాలంటే లైను ముందు ఒక హ్యాష్ గుర్తు. ఏదన్నా మాట నొక్కి చెప్పాలంటే దానికి అటూ ఇటూ రెండు నక్షత్రాలు. పేరా మారాలంటే ఒక ఖాళీ లైను. చూసేవాళ్ళ ఫోను ఎంతదైతే అంతలో సర్దుకుంటుంది, కళ్ళులేనివాళ్ళకి గొంతై వినిపిస్తుంది, పదేళ్ళ తర్వాత ఇంకో మెషీనులో తెరిచినా చెడిపోదు. వారం రోజులు కూర్చుని అన్నీ మళ్ళీ అట్లా పెట్టాను. నక్షత్రాలు పెట్టబోయి ఆగాను. రెండువందల అరవైమందిలో ఎవరి ఏ కష్టాన్ని నొక్కి చెప్పాలి? రొయ్యల తలలనా, ఆఖర్న తిన్న అన్నాన్నా? నా బతుకంతా ఎవరి పేరు ఎంత లావు అన్న పంచాయితీతోనే గడిచిపోయింది. వద్దనుకున్నాను. ఎవరి పేరు వాళ్ళకి శీర్షిక, అందరికీ ఒకటే అక్షరం, వరస అకారాది. మొగుడి పేరు ఎవరికీ లేదు.

శ్యామ్ సుందర్ చూసి నవ్వాడు. “ఇది వెబ్‌సైటా, పోస్టాఫీసు ఫారమా? డిజైనింగ్ షాపు పెట్టుకుని ఇట్లాంటిది పెడితే నా పరువేం కాను” అన్నాడు.

అమ్మ కూడా చూసింది. అప్పటికి బతికే ఉంది, షాపు వెనక మా ఇంట్లోనే. టీ తెచ్చి నా పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, తెరవైపు వంగి కూడబలుక్కుని రెండు పేర్లు చదివింది.

“ఎవరే వీళ్ళంతా?”

“చచ్చిపోయిన ఆడవాళ్ళమ్మా. ఏం పని చేశారో, ఏమిష్టమో రాస్తున్నాను.”

“అయ్యో. చదవటానికి తేలిగ్గా ఉందే” అంది. కాసేపు నిలబడింది. ఇంకేమన్నా అంటుందేమో అని నేను ఆగలేదు, తర్వాతి పేజీ తెరిచాను. “అన్నం చల్లారిపోతుంది, తిందువుగాని రా” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె పోయేనాటికి మా ఇంటికొచ్చి పదకొండేళ్ళు. పల్లె చర్చిలో ఉపదేశిగా ఉన్న నాన్న పోయిన ఏడు, మా చిన్నవాడికి అయిదేళ్ళప్పుడు, “ఒక్కదానివి అక్కడెందుకమ్మా, నా దగ్గర ఉండు” అని కోడూరు దగ్గర పల్లె నుంచి తెచ్చుకున్నాను. ప్రేమతోనే తెచ్చుకున్నాను, అబద్ధం చెప్పను. వచ్చిన రెండో రోజు నుంచి వంట ఆమెది. పిల్లల క్యారేజీలు, అంట్లు, బట్టలు, శ్యామ్ సుందర్ టీలు, నా టీలు, అన్నీ ఆమెవే. గుడివాడ నుంచి మా అత్తగారు ఒకసారి వచ్చి, మంచం మీద కూర్చుని చూసి చూసి, “తల్లిని పెట్టుకున్నావు, మంచి పని చేశావమ్మాయ్. పనిమనిషిని పెడితే ఇంత నమ్మకంగా ఉంటుందా?” అంది. ఆ మాటకి ఆరు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఎంత రోషం నాకు. ఆడవాళ్ళ సంఘంలో తిరిగేదాన్ని, రొయ్యల షెడ్డుల్లో మరుగుదొడ్లు లేవని కరపత్రాలు నేనే రాసి నేనే కొట్టి పంచేదాన్ని. కలెక్టరేటు ముందు మైకు పట్టుకుని, ఇంటిచాకిరీ కూడా పనేనని గొంతు పోయేట్టు అరిచేదాన్ని. అరిచి ఇంటికొస్తే అమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చేది. గ్లాసు అక్కడే పెట్టేసి పడుకునేదాన్ని.

ఈ ఫిబ్రవరిలో వంటింట్లో కూలబడింది. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది. పావురాలతో కార్డు వేశాం. ఆదరణ కూడిక బాగా జరిగింది. ముగ్గురు పాస్టర్లూ ఆమె ప్రార్థనాపరురాలన్నారు, దేవసహాయం గారి పరిచర్యకి వెన్నెముక అన్నారు. భోజనాలు బాగున్నాయని అందరూ అన్నారు.

పది రోజులు ఆగి అమ్మ పేజీ మొదలుపెట్టాను. హ్యాష్ గుర్తు కొట్టి, కృపమ్మ అని కొట్టాను. ఖాళీ లైను వదిలాను. కోడూరు దగ్గర పల్లెలో పుట్టింది అని కొట్టాను. తర్వాత ఏమీ రాలేదు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళ గురించి రెండువందల అరవై పేజీలు రాసిన చేతులు ఆగిపోయాయి. కార్డులో అయితే ఖాళీ వస్తే ఒక వాక్యం వేస్తాం, ఒక పువ్వు వేస్తాం, పేరు పెద్దది చేసి సర్దుతాం. ఇక్కడ సర్దటానికి ఏమీ లేదు. నాకు తెలిసింది ఉంటే ఉంటుంది, లేకపోతే తెల్లగా ఉంటుంది. ఏం చేసేది? వంట చేసేది. ఏమిష్టం? నాకు మునక్కాడల పులుసు ఇష్టమని తెలుసు ఆమెకి. ఆమెకేమిష్టమో నాకు తెలియదు. ఎవరితో మాట్లాడేది? ఫోను ఉండేది, ఎవరికో చేసేది. దేనికి నవ్వేది? నేను ఆరో తరగతి నుంచి బందరు హాస్టల్లో పెరిగాను. క్రిస్మస్‌కీ వేసవికీ ఇంటికెళితే అమ్మ నాకు వండిపెట్టటం చూశాను. ఇక్కడికొచ్చాక వండిపెట్టటం చూశాను. మధ్యలో మనిషిని చూడలేదు.

మూడు రోజులు అదే పేజీ తెరిచి మూశాను. నాలుగో రోజు ఖుర్షీదా గోడ పట్టుకుని నడుచుకుంటూ షాపుకొచ్చింది.

“అక్కా, అమ్మగారిది పెట్టలేదేం? రోజూ వెతుకుతున్నాను. ‘క’ అంతా వినేస్తున్నాను, కరుణమ్మ తర్వాత కోటేశ్వరమ్మ వచ్చేస్తోంది.”

“రాస్తున్నాను.”

“మీకు ఇంకొకళ్ళని అడిగే పని కూడా లేదు కదక్కా. మీ ఇంట్లో మనిషే.”

ఆమె వెళ్ళాక పట్టుదలగా కూర్చున్నాను. ఏదో ఒకటి కొట్టాలి. కొట్టాను. కొట్టింది చదువుకున్నాను. ‘పదకొండేళ్ళు బందరులో మా ఇంట్లోనే ఉండేది’ అని ఉంది.

నా వేళ్ళు కొట్టిన అక్షరాలే. షాపుకొచ్చే కొడుకులు, మొగుళ్ళు ఏ మాట అంటే నాకు ఒళ్ళు మండేదో ఆ మాట. వాళ్ళయినా రెండోసారి అడిగితే విసుక్కుని ఏదో చెప్పేవాళ్ళు. నన్ను నేను రెండోసారి అడిగినా నా దగ్గర ఏమీ లేదు.

మర్నాడు ఉదయం అవనిగడ్డ బస్సెక్కాను. పెళ్ళికార్డుల ప్రూఫులు ఆరు మిగిలిపోయి ఉన్నాయి. శ్యామ్ సుందర్ బస్టాండు దాకా ఫోన్లోనే అరిచాడు. “ఒక్కరోజు మీరు చూసుకోండి” అన్నాను. పులిగడ్డ దాటేదాకా ఆ అరుపులు చెవుల్లోనే ఉన్నాయి. అవనిగడ్డలో దిగి కోడూరు ఆటో పట్టుకున్నాను.

మా పల్లెలో అమ్మ ఈడువాళ్ళు ఇద్దరే మిగిలారు. జీవరత్నం పిన్ని అరుగు మీద కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. వరుసకి పిన్ని, చుట్టరికం లేదు.

“ఎవరూ, షీబానా? ఇప్పటికి తెలిసిందే దారి? మొన్న కూడికలో పలకరిద్దామంటే నువ్వు లోపలా బయటా తిరగటమే సరిపోయింది. కూర్చో.”

కూర్చున్నాను. “పిన్నీ, అమ్మ గురించి చెప్పు” అన్నాను.

“ఏం చెప్పనే? నిన్ను కన్నది, నీ దగ్గర పోయింది. నేను చెప్పేదేముంది?”

“నాకేమీ తెలియదు పిన్నీ.”

చెరిగే చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూసింది. ఏమనుకుందో, చేట పక్కన పెట్టింది.

“మీ అమ్మ పంతొమ్మిదేళ్ళు మా నాట్ల ముఠాకి మేస్త్రి. అదన్నా తెలుసా?”

“నాట్లకి వెళ్ళేదని తెలుసు.”

“వెళ్ళటం ఏంటే? మమ్మల్ని తీసుకెళ్ళేది. ఇరవై రెండు మందిమి. ఏ చేలో ఎప్పుడు దిగాలో కృప చెప్పాల్సిందే. రైతులు వచ్చి మీ నాన్నతో మాట్లాడతామనేవాళ్ళు. ‘ఉపదేశిగారు ప్రార్థన చేస్తారు, నాట్లు వెయ్యరు, నాతో మాట్లాడండి’ అనేది.” పిన్ని నవ్వింది. “ఒక ఏడు నారు ముదిరిపోతోంది, కూలి మాత్రం పెంచనంటాడు ఒకాయన. అందర్నీ గట్టు మీద కూర్చోబెట్టింది. ఆయన మోటారు సైకిలు మీద నాలుగుసార్లు తిరిగాడు. మాకేమో గుండెలు పీచుపీచుమంటున్నాయి. మీ అమ్మేం చేసిందో తెలుసా? సద్ది మూట విప్పి తినటం మొదలెట్టింది. ఎంత నింపాదిగా తిందంటే, చేపముక్క ముల్లు ముల్లూ ఏరుకుంటూ. ఆ తిండి చూసి ఆయన దిగొచ్చాడు.”

నేను మైకు పట్టుకుని ఏళ్ళ తరబడి అరిచి సాధించలేనిది మా అమ్మ చేపముల్లు ఏరుకుంటూ సాధించింది. ఆ అమ్మ నేను ధర్నాకి కట్టుకెళ్ళిన చీరలు ఉతికి ఆరేసేది. ఎట్లా అరవాలో, ఎప్పుడు ఊరుకోవాలో నాకు చెప్పగలిగిన మనిషి వంటింట్లో ఉంటే నేను ఆమెని ఉప్పు సరిపోలేదని పిలిచాను.

“నాకెప్పుడూ చెప్పలేదేం పిన్నీ?”

“నీకు తీరికేదమ్మా” అంది. దెప్పుదామని కాదు, వాన పడింది అన్నట్టు అంది. “ప్రతి ఏడూ నాట్లకి వచ్చేస్తాననేది. సంచి కూడా సర్దుకునేదంట. నువ్వు శ్రావణం అనేదానివంట కదా.”

అనేదాన్ని. శ్రావణంలో మాకు ఊపిరి తిరగదు, ఏడాది మొత్తం మీద సగం పెళ్ళికార్డులు ఆ నెలలోనే. డెల్టాలో నాట్లు కూడా అప్పుడే. “నాలుగు రోజులు ఊరెళ్ళొస్తానే” అనేది అమ్మ. “శ్రావణం కదమ్మా, ఇప్పుడెట్లా వెళ్తావు? కార్తీకంలో వెళ్దువుగాని” అనేదాన్ని. కార్తీకంలో వెళ్ళమంటే వెళ్ళేది కాదు. ఎందుకు వెళ్ళదో నాకు పట్టలేదు. ఈ వయసులో ఈమెకి అక్కడ పనేముంది అనుకున్నాను.

“పోయిన శ్రావణంలో ఫోను చేసింది” అంది పిన్ని. “ఎక్కడున్నారే అంది. చేలో ఉన్నామన్నాను. ‘ఆపకు, ఫోను గట్టు మీద పెట్టి మీరు దిగండి’ అంది. సరే, కవర్లో చుట్టి పెట్టి దిగాను. మామూలే, నవ్వుకోవటం, తిట్టుకోవటం, నారు అందుకోవటం. ఓ అరగంటకి గట్టెక్కి చూద్దును కదా, ఇంకా లైన్లోనే ఉంది. ‘ఏం వింటున్నావే కృపా, మా తిట్లా?’ అన్నాను. ‘నీళ్ళలో చేతులు’ అంది.”

పిన్ని మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. నాకు ఆ రోజు గుర్తొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఆకలితో ఇంట్లోకి వెళితే బీరకాయ కూర అడుగంటి వాసన వస్తోంది. అమ్మ పొయ్యి దగ్గర ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. “ఇంట్లోనే కదమ్మా ఉండేది, కూర కూడా చూసుకోలేవా?” అన్నాను. అమ్మ మాడిన కూర తన కంచంలో వేసుకుని, నాకు కోడిగుడ్డు పొరటు చేసి పెట్టింది. తిని షాపులోకి వెళ్ళి, ఇంట్లోనే ఉండేది అని ఎవరో అన్న ఆడమనిషి గురించి కోపంగా నాలుగు లైన్లు కొట్టాను.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోనులోనే పేజీ రాశాను. ఉత్త అక్షరాలకి కంప్యూటరు కూడా అక్కర్లేదు. మొవ్వ వైపు వెళ్ళే ఆవిడెవరో పక్కన కూర్చుని ఉంది. నేను ఏడుస్తుంటే మంచినీళ్ళ సీసా ఇచ్చింది గానీ ఏమీ అడగలేదు. ఇదీ నేను రాసింది.

కృపమ్మ

కోడూరు దగ్గర పల్లెలో పుట్టింది. పంతొమ్మిదేళ్ళు నాట్ల ముఠాకి మేస్త్రి. ఒక ఏడు కూలి పెంచేదాకా ఇరవై రెండు మందిని గట్టు మీద కూర్చోబెట్టింది.

చేపముక్కతో సద్దన్నం ఇష్టం. నాట్ల చప్పుడు ఇష్టం.

పదకొండేళ్ళు బందరులో కూతురి ఇంట్లో వంట, అంట్లు, బట్టలు, ఇద్దరు పిల్లల పెంపకం చేసింది. జీతం లేదు. ప్రతి శ్రావణంలో నాలుగు రోజులు సెలవు అడిగింది. నేను ఇవ్వలేదు.

ఇంటికొచ్చి అన్నం వండి, శ్యామ్ సుందర్‌కి పెట్టి, ఫోను అతని ముందు పెట్టాను. ఎక్కించక ముందు ఎవరికన్నా చూపించాలనిపించింది, ఇంట్లో అతనే ఉన్నాడు. తింటూ చదివాడు. అతనికీ అమ్మ మీద గౌరవమే. ఆమె చేతి టీ లేకపోతే షాపు తెరిచేవాడు కాదు.

“అంతా బాగుంది షీబా. ఆ చివరిదెందుకు? చర్చిలో వాళ్ళు చూస్తారు, గుడివాడలో మావాళ్ళు చూస్తారు. పిల్లలు చూస్తారు. నిన్ను నువ్వే రోడ్డు మీద నిలబెట్టుకుంటావా?”

“అది కూడా జరిగిందే కదండీ.”

“జరిగినవన్నీ రాస్తామా? ఎవరు చూసుకోలేదు ఆవిడని? మన ఇంట్లో మనిషిలా చూశాం.” కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. గొంతు తగ్గించి, నిజంగా నా మంచికే అన్నట్టు అన్నాడు. “సరే, నీ ఇష్టం, ఉంచుకో. ఆ ఒక్క లైనూ కొంచెం చిన్నక్షరాల్లో పెట్టు, అడుగున.”

“ఇందులో చిన్నక్షరాలు లేవండీ” అన్నాను.

పేజీ ఎక్కించాను.